నలభై ఏళ్ల లెక్క

1990 మే నెల. తొమ్మిదో తారీకున తీరం దాటిన తుపాను కృష్ణా, గుంటూరు, ప్రకాశం జిల్లాలను ఊపేసి పోయింది. చిలకలూరిపేటకూ పర్చూరుకూ నడుమ ఉన్న మా ఊళ్లో తెల్లారేసరికి సగం ఇళ్లకు కప్పుల్లేవు. మా ఇంటి తాటాకు కొంత పక్కచేలో పడింది, కొంత చెరువులో తేలింది. నాకప్పుడు పదకొండేళ్లు. మట్టిగోడల మధ్య నిలబడి తల పైకెత్తితే ఆకాశం కనిపించటం నాకు భలేగా ఉంది. నాన్న మాత్రం తడిసిన మిరపకాయల బస్తా మీద కూర్చుని చాలాసేపు మాట్లాడలేదు. చివరికి ఒకటే అన్నాడు.

"ఇంక తాటాకు జోలికి పోను. అప్పయితే అయింది, రేకులేయిస్తా."

ఆ మాట వెనక తుపాను ఒక్కటే లేదు. ఎండాకాలం వస్తే మా వైపు పూరిళ్లలో ఎవరికీ సరిగ్గా కంటికి కునుకుండేది కాదు. ఒక పొయ్యిలో నిప్పురవ్వ లేస్తే వీధి వీధంతా బూడిద. మా నాయనమ్మ రెండుసార్లు ఇల్లు కాలిపోవటం చూసింది. రెండోసారి పెళ్లినాటి పట్టుచీర కూడా దక్కలేదని చనిపోయేదాకా చెప్పుకునేది. అలాంటి మనుషులకు నిప్పంటుకోని, చెదపట్టని, వానకు కారని కప్పు దొరికితే అది దేవుడిచ్చిన కప్పే. రేకుల ఇల్లంటే ఒక మెట్టు ఎక్కినట్టు. ఆ సంతోషాన్ని నేను ఇవాళ తక్కువ చేసి మాట్లాడలేను.

జూన్‌లో పేట నుంచి ట్రాక్టరు మీద ఇరవై నాలుగు రేకులు వచ్చాయి. చిట్లకుండా మధ్యమధ్య వరిగడ్డి పేర్చి తెచ్చారు. రేకులెక్కించటానికి వచ్చినాయన మా వీధి చివరి మేస్త్రి. వరసకు బాబాయి. ముప్ఫై అయిదేళ్లుంటాయి. తలకు ఎర్ర తువ్వాలు, చెవి మీద సగం కాల్చిన చుట్ట.

నడికొప్పు దగ్గర, చూరు దగ్గర కొలత కుదరక కొన్ని రేకులు కొయ్యాల్సి వచ్చింది. బాబాయి రేకును రెండు దుంగల మీద పరిచి, ఆ చివర కదలకుండా నన్ను కూర్చోబెట్టాడు. హాక్సా బ్లేడుకు ఒక పక్క గుడ్డ చుట్టి పట్టుకుని కోత మొదలుపెట్టాడు. కర్... కర్... కర్... పళ్లు పులిసే చప్పుడు. కోసిన గీత వెంట బూడిద రంగు పొడి రాలేది. సన్నదంతా కిందకు పడకుండా ఎండలో తేలుతూ ఉండేది. తడిసిన సున్నం లాంటి వాసన.

"కదలమాకురా అబ్బాయ్, రేకు చిట్లిద్ది."

కోత అయ్యాక చేతి బర్మాతో బెజ్జాలు వెయ్యటం. ఒక్కో బెజ్జం వేసి, ఊదేవాడు. ఊదితే పొడి పైకి లేచి ఆయన కనుబొమల మీద, నా మోకాళ్ల మీద వాలేది. అందులోంచి జె-హుక్కు దూర్చి, తారు వాషరు వేసి బిగించేవాడు. మజ్జిగ చెంబు తెచ్చిన అమ్మ మమ్మల్ని చూసి నవ్వింది. "ఇద్దరూ విభూతి సాముల్లాగా ఉన్నారు." బాబాయి తువ్వాలు విప్పి, వేపచెట్టుకేసి రెండుసార్లు విదిలించి, దాంతోనే మొహం తుడుచుకుని మజ్జిగ తాగాడు. ఆ తువ్వాలూ, ఆ లుంగీ సాయంత్రం చెరువుగట్టు మీద ఉతికేది పిన్ని. ముందు బండకేసి దులిపేది, తర్వాతే నీళ్లలో ముంచేది.

మిగిలిన ముక్కలు పెరట్లో గోడవారన పడున్నాయి. అవి మాకు నిధి. రోడ్డు మీద గీతలు గియ్యటానికి సుద్దముక్కలు అవే. పొయ్యికి గాలి తగలకుండా అడ్డం అవే. ఆ ఏడు భోగికి వాటిలో నాలుగు దొంగిలించి మంటలో వేశాం. కాసేపటికి ఢామ్మని పేలాయి. ముక్కలు ఎగిరి అవతల పడ్డాయి. టపాకాయలకన్నా ఇవే నయమని ఏటేటా అదే పని. మా ఊళ్లోనే కాదు, ఈ చుట్టుపక్కల పల్లెల్లో పెరిగిన నా ఈడు మగపిల్లల్లో ఈ ఆట ఆడనివాడు అరుదు.

దుమ్మంటే ఏమిటో మా ప్రాంతానికి ఎవరూ చెప్పక్కర్లేదు. గుంటూరు మిర్చి యార్డులో అడుగుపెట్టగానే తుమ్ము, దగ్గు, కళ్లవెంట నీళ్లు. తొడిమలు తీసే ఆడవాళ్లు కొంగు ముక్కుకు చుట్టుకునే కూర్చుంటారు. మిరప ఘాటుకు దాపరికం లేదు, వచ్చానని చెప్పే వస్తుంది. పత్తిది కాస్త నిదానం. జిన్నింగు మిల్లులో దూది నూగు ఏళ్ల తరబడి పీల్చినవాళ్లకు, సెలవు గడిపి పనిలోకి వచ్చిన మొదటి రోజున ఛాతీ పట్టేసినట్టు ఉంటుంది. డాక్టర్లు దాన్ని బిసినోసిస్ అంటారు. ఇంగ్లండు మిల్లుల్లో సోమవారం జ్వరం అనేవాళ్లు. అదైనా వారం తిరిగేసరికి తన గుర్తు తాను చెబుతుంది.

రేకు పొడి ఏమీ చెప్పదు. కోసిన రోజు దగ్గు రాదు, ముక్కు మండదు, కళ్లు ఎర్రబడవు. రేకులో ఎక్కువ పాలు సిమెంటే. దాన్ని చిట్లకుండా పట్టి ఉంచేది అందులో పదో వంతు దాకా కలిపిన ఆస్బెస్టాస్. మన పెద్దలు దానికి రాతినార అని చక్కని పేరు పెట్టారు. రాయే, కానీ నారలాగా చీలుతుంది. చీలికలో చీలిక, దాంట్లో ఇంకో చీలిక. చివరికి మిగిలే పోగు వెంట్రుకకన్నా వందల రెట్లు సన్నం, కంటికి ఆనదు. ఊపిరితో పాటు లోపలి గాలితిత్తుల దాకా పోతుంది. అక్కడ చెత్తను మింగి శుభ్రం చేసే కణాలు దాన్నీ మింగబోతాయి. పోగు వాటికన్నా పొడుగు. మింగలేక, వదల్లేక అవే చనిపోతాయి. మళ్లీ కొత్తవి వస్తాయి. ఆ పోరు ఏళ్ల తరబడి సాగిన చోటల్లా ఊపిరితిత్తి మచ్చగట్టి బిగుసుకుపోతుంది. అది ఆస్బెస్టోసిస్. కొందరికి ఊపిరితిత్తుల క్యాన్సర్ వస్తుంది. కొందరికి ఊపిరితిత్తిని చుట్టి ఉండే పొరకు మీసోథీలియోమా అనే క్యాన్సర్ వస్తుంది. దానికి వైద్యం దాదాపు లేదు. రావటానికి ఇరవై ఏళ్లు పట్టొచ్చు, ముప్ఫై పట్టొచ్చు, నలభై దాటొచ్చు. అప్పటికి ఆ పని చేసిన సంగతి చేసినవాడికే గుర్తుండదు.

ఈ జబ్బుకు మొదటిసారి పేరు పెట్టింది ఒక పత్తి ఊరి కూలి మనిషి చచ్చిపోయాక.

ఇంగ్లండులో లాంకషైర్ సీమ. అక్కడ రోచ్‌డేల్ అనే ఊరు. 1844లో సహకార సంఘం పెట్టి ప్రపంచానికి దారి చూపిన నేతగాళ్ల ఊరు అదే. మనకు ఆ సీమ మరీ పరాయిది కాదు. అమెరికాలో అంతర్యుద్ధం వచ్చి అక్కడి పత్తి ఆగిపోయినప్పుడు లాంకషైర్ మిల్లులు మన దేశపు పత్తి కోసం చేతులు చాచాయి. మన కృష్ణా, గుంటూరు నల్లరేగళ్లలో పండిన పత్తికి వాళ్ల బజార్లలో కోకనాడ పత్తి అని పేరుండేది.

ఆ ఊళ్లో నెల్లీ కెర్షా 1891లో పుట్టింది. పన్నెండేళ్లకు బడి మాని పత్తి మిల్లులో చేరింది. అయిదు నెలలు తిరక్కుండానే రాతినార మిల్లుకు మారింది. పని పెద్దగా మారలేదు. ఎందుకంటే రాతినారను వడకటానికి వాళ్లు వాడినవి పత్తి యంత్రాలే. దూదిని ఏకినట్టే రాతిని ఏకేవాళ్లు. రాతినార ఒక్కటే అయితే పురి నిలవదని దాంట్లో కాస్త పత్తి కూడా కలిపేవాళ్లు. మన దూదేకులవాళ్లు విల్లు మీటుతుంటే ఇల్లంతా నూగు లేవటం చూసినవాళ్లకు ఆ గది ఎలా ఉండేదో వేరే చెప్పక్కర్లేదు. దూది బదులు రాయి, అంతే తేడా. 1917లో ఆమె టర్నర్ బ్రదర్స్ ఆస్బెస్టాస్ కంపెనీకి మారింది. పెళ్లయింది. ఒక కూతురు.

ముప్ఫై నిండకుండానే ఆయాసం మొదలైంది. 1922 జూలై 22 తర్వాత ఇక పనికి పోలేకపోయింది. వాల్టర్ స్కాట్ జాస్ అనే స్థానిక డాక్టరు చూసి, ఇది రాతినార విషమని కాగితం మీద రాసిచ్చాడు. ఏటా ఇలాంటి కేసులు పదీ పన్నెండూ చూస్తున్నానని తర్వాత విచారణలో కూడా చెప్పాడు.

ఆ కాగితమే ఆమె కొంప ముంచింది. జబ్బు పడితే డబ్బిచ్చే బీమా సంఘానికి పోతే, ఇది పని వల్ల వచ్చిన జబ్బు కనుక కంపెనీ ఇవ్వాలన్నారు. కంపెనీకి పోతే, పరిహారం చట్టంలో ఇలాంటి జబ్బు పేరే లేదన్నారు. రెండు గుమ్మాల మధ్య మనిషి. ఇంట్లో కూర్చుని తొమ్మిది వారాలైంది, ఒక్క పెన్నీ రాలేదు, నా సంగతి ఏం చేస్తారని ఆమె కంపెనీకి ఉత్తరం రాసింది. కంపెనీ కదల్లేదు. 1924 మార్చి 14న, ముప్ఫై మూడేళ్లకు పోయింది. అంత్యక్రియల ఖర్చుకు కూడా కంపెనీ ఒప్పుకోలేదు. రోచ్‌డేల్ శ్మశానంలో పేరు చెక్కిన రాయి కూడా లేకుండా పూడ్చారు.

కథ అక్కడితో ముగిసిపోయేదే. విలియం ఎడ్మండ్ కుక్ అనే డాక్టరు ఆమె ఊపిరితిత్తులను మైక్రోస్కోపు కింద పెట్టాడు. మచ్చగట్టిన కండ మధ్యలో పదునైన ఖనిజపు ముక్కలు కనపడ్డాయి. ఆ ఏడాది జూలైలోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశాడు. 1927లో మళ్లీ రాస్తూ ఆ జబ్బుకు ఆస్బెస్టోసిస్ అని పేరు పెట్టాడు. తర్వాత బ్రిటిష్ ప్రభుత్వం తరఫున మెరివెదర్, ప్రైస్ అనే ఇద్దరు 363 మంది కార్మికులను పరీక్షించి 1930లో నివేదిక ఇచ్చారు. వారిలో 95 మందికి ఊపిరితిత్తులు చెడిపోయి ఉన్నాయి. 1931లో దుమ్ముకు నియమాలు వచ్చాయి. అవైనా ఫ్యాక్టరీ గోడల లోపలికే. ఆ గోడలు దాటి బయటికి వచ్చిన రేకును కోసేవాడి మాట ఎవరికీ తట్టలేదు. నెల్లీ కథలో నన్ను పట్టి లాగేది రాతినారకన్నా ఆ రెండు గుమ్మాలు. మనిషికి జబ్బుంది. జబ్బుకు కారణం ఎదురుగా ఉంది. రెంటినీ కలిపే కాగితానికి చట్టంలో చోటు ఒక్కటే లేదు.

రాతినార మన నేలకు కొత్తది కాదు. కడప జిల్లా పులివెందుల చుట్టుపక్కల, బ్రాహ్మణపల్లె దగ్గర రాతి పొరల మధ్య తెల్లటి నార దొరికేది, తవ్వి తీసేవాళ్లు. హైదరాబాదు సనత్‌నగర్‌లో 1946లో పుట్టిన కంపెనీ సిమెంటు రేకులను తెలుగునాట ఊరూరికీ తెచ్చింది. 1986లో మన ప్రభుత్వం రాతినార గనులకు కొత్త లీజులు ఇవ్వటం ఆపేసింది. తవ్వకం క్రమంగా తగ్గింది కానీ వాడకం ఆగలేదు. రష్యా నుంచి, కజకిస్తాన్ నుంచి, బ్రెజిల్ నుంచి ఓడల్లో దిగుతూనే ఉంది. ప్రపంచంలో దీన్ని బాగా ఎక్కువగా కొనే దేశాల్లో మనదొకటి. బ్రిటన్ 1999లో మానుకుంది. యూరోపియన్ యూనియన్ దేశాలన్నీ 2005కల్లా మానుకున్నాయి. క్యుబెక్‌లో రాతినార గనితోనే బతికి, ఆస్బెస్టాస్ అనే పేరే పెట్టుకున్న ఊరు 2020లో ఆ పేరు కూడా వదిలేసుకుంది. పని చేసేచోట పీల్చిన రాతినార వల్ల ఏటా రెండు లక్షల మందికి పైగా పోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. తెల్లనార మంచిదీ, నీలినార చెడ్డదీ అనే వాదన ఇంకా వినపడుతుంది. ఆ సంస్థ దాన్ని ఒప్పుకోదు. అన్ని రకాలూ క్యాన్సర్ తెచ్చేవే.

అదే 1986లో అహ్మదాబాదులోని కన్స్యూమర్ ఎడ్యుకేషన్ అండ్ రీసెర్చ్ సెంటర్ అనే సంస్థ సుప్రీంకోర్టు మెట్లెక్కింది. రాతినార గనుల్లో, ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ల ఊపిరికి భరోసా ఎవరిదన్నది ప్రశ్న. తొమ్మిదేళ్లు పట్టింది. 1995 జనవరి 27న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. ప్రధాన న్యాయమూర్తి అహ్మదీ, న్యాయమూర్తి పూంఛీ, మూడో ఆయన కె. రామస్వామి. తీర్పు రాసింది రామస్వామి గారు. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్లిన మన తెలుగాయన.

కార్మికుడి ఆరోగ్యం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని ఆ తీర్పు తేల్చింది. సర్కారు ఫ్యాక్టరీ అయినా, ప్రైవేటుదైనా తప్పించుకోవటానికి లేదంది. ప్రతి కార్మికుడికీ ఆరోగ్య బీమా ఉండాలంది. ఈఎస్ఐ ఆస్పత్రి పరీక్షించిన గుజరాత్ కార్మికులను అహ్మదాబాదులోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ మళ్లీ పరీక్షించాలనీ, జబ్బు తేలితే ఒక్కొక్కరికి లక్ష రూపాయలు ఇవ్వాలనీ ఆదేశించింది. నాకు వీటన్నిటికన్నా పెద్దదిగా కనిపించే ఆదేశం వేరే ఉంది, చూడటానికి గుమాస్తా పనిలాగే ఉంటుంది. ప్రతి కార్మికుడి ఆరోగ్య రికార్డునూ పనిలో చేరిన నాటి నుంచి కనీసం నలభై ఏళ్లు, లేదా పని మానాక పదిహేనేళ్లు, రెంటిలో ఏది ఆలస్యమైతే అప్పటిదాకా భద్రపరచాలి.

నలభై ఏళ్లు. మన ఊళ్లో పొలం దస్తావేజులు తప్ప ఇంకేదీ అంతకాలం దాచుకోం. రాతినార నడిచే దారి ఎంత పొడుగో న్యాయమూర్తికి అర్థమైంది కాబట్టే ఆ అంకె వేశారు. మనిషి మరచిపోతాడు, మేనేజరు మారిపోతాడు, కంపెనీ పేరు మారుతుంది. కాగితం ఒక్కటే గుర్తుపెట్టుకోవాలి. నెల్లీ కెర్షాకు అందని కాగితం అదే.

మా మేస్త్రి బాబాయి ఏ ఫ్యాక్టరీలోనూ పనిచెయ్యలేదు. ఆయన పేరు ఏ హాజరు పుస్తకంలోనూ లేదు. 1980ల మొదట్లో రేకుల పని మొదలుపెట్టి, ముప్ఫై ఏళ్లకు పైగా మా చుట్టుపక్కల ఊళ్లలో ఎన్ని ఇళ్ల మీద ఎక్కాడో ఆయనకే లెక్క తెలీదు. తర్వాత తర్వాత హాక్సా బ్లేడు పోయి కరెంటు కట్టర్ వచ్చింది. పావుగంట కోత నిమిషంలో అయిపోయేది. దుమ్ము మాత్రం పొగమేఘంలాగా లేచి పక్కిళ్ల వాకిళ్ల దాకా పోయేది. ఆ కట్టర్‌తో పోలిస్తే నేను చిన్నప్పుడు చూసిన పొడి లెక్కలోకి రాదు.

2013లో సంక్రాంతికి పోతే ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. మాట మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటున్నాడు. ఒంట్లో కండ లేదు. వేళ్ల కొసలు ఉబ్బి, గోళ్లు డప్పుపుల్లల బుడిపెల్లాగా గుండ్రంగా వంగిపోయాయి. చుట్ట మానేశాడట.

"ఏం బాబాయ్, ఎట్టా ఉంది?"

"గాలి లోపలికి పోటం లేదురా అబ్బాయ్. పైపైన తిరిగి పోతంది."

గుంటూరులో ఒక ఆస్పత్రిలో క్షయ అన్నారట. ఆరు నెలలు బిళ్లలు మింగాడు. తగ్గలేదు. ఇంకోచోట మళ్లీ క్షయే అన్నారు, మళ్లీ ఆరు నెలలు. కఫంలో క్రిమి ఎప్పుడూ కనపడలేదని పిన్ని చెప్పింది. ఆ ఫైలు నేను చూశాను. ఎక్స్‌రేలు, మందుల చీటీలు, బిల్లులు. పై కాగితంలో పేరు, వయసు, ఊరు, వృత్తి అని గడులున్నాయి. వృత్తి దగ్గర ఎవరో తొందర చేతిరాతతో ఒక్క మాట రాశారు. కూలీ.

ఏం కూలీ అని ఇంకొక్క ప్రశ్న వేసి ఉంటే ఏమయ్యేదో నాకు తెలుసు. ఆస్బెస్టోసిస్‌ను నయం చేసే మందు లేదు. అయినా పనికిరాని బిళ్లలు ఏడాది పాటు మింగించకుండా ఉండేవాళ్లు. వీపు మీద స్టెతస్కోపు పెట్టి, చెవి దగ్గర వెంట్రుకలు నలిపినప్పుడు వచ్చే చిటచిట లాంటి చప్పుడు వినపడుతుందేమో చూసేవాళ్లు. చుట్ట పదేళ్ల ముందే మానమని ఎవరైనా గట్టిగా చెప్పేవాళ్లు. న్యూయార్కులో డాక్టర్ ఇర్వింగ్ సెలికాఫ్ బృందం రాతినార పనిచేసే కార్మికులను ఏళ్ల తరబడి వెంబడించి 1979లో లెక్క తేల్చింది. ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో చనిపోయే ముప్పు రాతినార ఒక్కటే పీల్చినవాడికి అయిదు రెట్లు, పొగ ఒక్కటే తాగేవాడికి పదకొండు రెట్లు, రెండూ ఉన్నవాడికి యాభై మూడు రెట్లు. పొగాకు పండే నేల మాది. చుట్ట లేని మేస్త్రిని నేను చూడలేదు.

బాబాయి 2016లో పోయాడు. ఆయనకు వచ్చింది రాతినార జబ్బేనని నేను రాయలేను. ఆ పరీక్ష ఎవరూ చెయ్యలేదు. కాదని కూడా ఎవరూ రాయలేరు. అప్పటి ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలులో సిలికోసిస్ ఉండేది, ఆస్బెస్టోసిస్ ఉండేది, పత్తి దుమ్ము జబ్బు కూడా ఉండేది. డాక్టరు వాటిని గుర్తిస్తే ఫ్యాక్టరీల చీఫ్ ఇన్‌స్పెక్టరుకు రాసి పంపాల్సి ఉండేది. కూలీ అని రాసిన కాగితం మీద నుంచి ఏ డాక్టరు ఎవరికి రాసి పంపుతాడు?

పిన్ని ఇంకా ఉంది. దేవుడి దయవల్ల బాగానే ఉంది. ఆమెను చూసినప్పుడల్లా ఆ బండకేసి దులిపిన తువ్వాలే గుర్తొస్తుంది. 1965లో లండన్‌లో న్యూహౌస్, థాంప్సన్ అనే ఇద్దరు పరిశోధకులు మీసోథీలియోమాతో పోయినవాళ్ల పని చరిత్ర వెతికితే, అందులో ఫ్యాక్టరీ గడప తొక్కని ఆడవాళ్లు తేలారు. పనివాళ్ల భార్యలు, అక్కచెల్లెళ్లు, మగవాళ్ల బట్టలు ఉతికినవాళ్లు. అంతకు ముందే, 1960లో, దక్షిణాఫ్రికాలో వాగ్నర్ అనే డాక్టరు బయటపెట్టిన 33 కేసుల్లో చిన్నప్పుడు గనుల దగ్గర బతికిన సంబంధం తప్ప ఇంకేమీ లేనివాళ్లున్నారు. అది చదివిన రాత్రి మా భోగిమంట గుర్తొచ్చి నిద్రపట్టలేదు. నాతో కలిసి ముక్కలు విసిరిన అయిదుగురి పేర్లూ వరసగా తలుచుకున్నాను.

భయపెట్టటానికి ఇదంతా రాయటం లేదు. మా ప్రాంతంలో ఇప్పటికీ వేల కుటుంబాలు రేకుల కిందే పడుకుంటున్నాయి. చిట్లని, కదపని రేకు తల మీద ఉంటే ఆ నార చాలావరకు సిమెంటులోనే బందీగా ఉంటుంది. దాన్ని కోసినా, బెజ్జం వేసినా, పగలగొట్టినా, పాచి పోవాలని ఇనప బ్రష్షుతో రుద్దినా అప్పుడు విడిపోతుంది. కాబట్టి ఇల్లుగలవాడికన్నా ఇంటి మీదకు ఎక్కేవాడి గురించే నా దిగులు.

2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మా పాత ఇల్లు అప్పటికి పత్తి, మిరప బస్తాలు వేసుకునే కొట్టుగా మారింది. దాని మీద తాటిచెట్టు పడింది. మూడోనాడు తమ్ముడు ఫోన్ చేశాడు.

"ఏడు రేకులు నుగ్గయినయి అన్నాయ్. మిగతావి కూడా తీసేద్దాం. రేపు జేసీబీ వస్తంది, మొత్తం నలిపి రోడ్డు గుంటలో పోస్తారంట."

"జేసీబీ వద్దు. నేనొస్తున్నా."

నేను పోయేసరికి ముగ్గురు కుర్రాళ్లు నిచ్చెన వేసుకుని సిద్ధంగా ఉన్నారు. తలకు తువ్వాళ్లు. ఒకడి చేతిలో కట్టర్. హుక్కులు తుప్పుపట్టి ఊడిరావు, రేకు కోసేస్తే పని తొందరగా తెములుతుందన్నాడు. కట్టర్ పక్కన పెట్టించాను. మందులు కొట్టే పంపులో మంచినీళ్లు పోసి ముందు రేకులన్నీ బాగా తడిపాం. తుప్పుపట్టిన హుక్కులను రేకు కొయ్యకుండా కింద నుంచి కత్తిరించాం. ఒక్కో రేకూ తాడు కట్టి పగలకుండా దించాం. తువ్వాలు ఆ నారను ఆపలేదని చెప్పి, కరోనా నాటి ఎన్95 మాస్కుల పెట్టె తీసి తలా ఒకటి ఇచ్చాను. చీపురుతో ఊడవనివ్వలేదు. నుగ్గయిన ముక్కలను తడి మీదే ఏరి, మందపాటి పట్టాలో చుట్టి, బోరుకూ చెరువుకూ దూరంగా మా చేలోనే లోతుగా గొయ్యి తీయించి పూడ్చాం. ఇలాంటి వ్యర్థాన్ని ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపాలని నియమం. పల్లెటూరివాడికి ఆ కేంద్రం ఎక్కడుంటుంది, ఎవరు తీసుకుపోతారు? ఆ రోజు మా చేతిలో ఉన్నది అంతవరకే. ఒక్క పూట పని రెండు రోజులైంది. కూలి రెండు రోజులకిచ్చాం.

రెండో రోజు సాయంత్రం ఊళ్లో దుకాణంలో గట్టి అట్ట ఉన్న ఖాతా పుస్తకం కొన్నాను. అరుగు మీద కూర్చుని మొదటి పేజీలో తారీకు వేశాను. పాత రేకులు ఇరవై నాలుగు, నుగ్గయినవి ఏడు, తడిపి తీసినవి, కట్టర్ వాడలేదు అని రాశాను. ముగ్గురి పేర్లూ, వయసులూ, ఎన్నేళ్ల నుంచి ఈ పని చేస్తున్నారో అడిగి రాశాను. అందరికన్నా చిన్నవాడికి ఇరవై రెండేళ్లు. వాడి వరస చివర 2063 అని వేశాను.

"ఎందుకన్నా ఇయ్యన్నీ రాస్తన్నావు?" అన్నాడు వాడు.

చెప్పాను. బాబాయి గురించీ, ఆ గడిలో రాసిన కూలీ అన్న మాట గురించీ చెప్పాను. కోర్టు చెప్పిన నలభై ఏళ్ల గురించి కూడా చెప్పాను. ఎప్పుడైనా ఆయాసం వచ్చి డాక్టరు దగ్గరికి పోతే, అడిగినా అడక్కపోయినా రేకులు కోసేవాణ్ని అని చెప్పమన్నాను. వాడు మాస్కు గెడ్డం కిందకు లాక్కుని పుస్తకంలోకి తొంగిచూశాడు.

"మా నాయన పేరు కూడా రాయన్నా. ఆయనా ఇదే పని."

"ఎన్నేళ్లు చేశాడు?"

వాడు వేళ్లు మడుస్తూ లెక్కపెట్టటం మొదలుపెట్టాడు.